చిన్నమ్మ ద్రాక్షరసం మీద నేనిచ్చిన తీర్పు

శనివారం పొద్దున ఆరుంపావుకి బెంగళూరులో హిందూపురం మీదుగా పోయే ప్యాసింజరు ఎక్కాను. ఈ దారిన పోవాలనుకునేవాళ్ళకు ముందే చెప్తున్నాను, రిజర్వేషన్ గొడవ లేదు, కౌంటర్లో టికెట్ తీసుకుని ఎక్కేయడమే. యలహంక దాకా నిలబడాల్సి వచ్చినా ఆ తర్వాత కిటికీ పక్క సీటు దొరుకుతుంది. నాకు మొదట్నుంచే దొరికింది. ఆ రోజు అన్నీ నాకు కలిసొస్తున్నాయని తెగ సంబరపడ్డాను.

ప్రయాణానికి కారణం గురువారం వచ్చిన ఒక ఫోను. మా చిన్నమ్మ రత్నమ్మది గోరంట్ల దాటాక కదిరి రోడ్డు పక్కన చిన్న ఊరు. ఆ ఊరి చర్చికి పెద్ద దేవదాసన్న. ఆయన చేశాడు.

"ఏమప్పా సుధాకరా, నువ్వు వైను చదువు చదివినావంట గదా. స్టేటస్‌లో నీ సర్టిఫికెట్ చూస్తిమి. ఈ ఆదివారం బల్ల ఉండాది. పోయిన నెల రసంలో పులుపు వాసన వస్తాండాదని ఇద్దరు ముగ్గురు అనిరి. మందు మానేసినోళ్ళు ఉండారు మన సంఘంలో. రసం పులిసి మత్తు ఎక్కేదయితే వాళ్ళ గతేంది? నువ్వొచ్చి ఒకసారి చూసి చెప్పు."

నెల మొదటి ఆదివారం చర్చిలో అందరూ రొట్టెముక్క, ద్రాక్షరసం తీసుకునే ఆరాధనను మావాళ్ళు బల్ల అంటారు. ఆ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ఆ రసం కాచేది మా చిన్నమ్మే. మా అమ్మా నాయనా బెంగళూరుకు కట్టడాల పనికి పోయినప్పుడు ఏడేళ్ళు నన్ను తన ఇంట్లో పెట్టుకుని పదో తరగతి దాకా చదివించింది కూడా ఆమే. రసం చెడిందని తేలితే ఆ పని ఆమె చేతిలోంచి పోతుంది, గోరంట్ల అంగడి నుంచి సీసాలు తెప్పిస్తారు. దేవదాసన్న ఆ సంగతి దాచలేదు. నాకూ వినపడింది. కాని దానికంటే గట్టిగా "నువ్వొచ్చి చెప్పు" అన్న మాట వినపడింది.

రైలు దొడ్డబళ్ళాపురం చేరేసరికి ఏడు దాటింది. స్టేషన్ అవతల, నంది కొండల వైపున ఉన్న ఒక ద్రాక్షతోటలోనే పోయిన నెల నేను మూడు రోజులు ఆ చదువు చదివింది. నేను బెంగళూరులో ఒక హోటల్లో భోజనాల దగ్గర సూపర్‌వైజర్ని. పదహారేళ్ళుగా బల్లలు తుడిపించడం, గ్లాసులు లెక్కపెట్టుకోవడం. ఇప్పుడు వచ్చేవాళ్ళు వైన్ గురించి ప్రశ్నలు వేస్తున్నారని హోటలువాళ్ళు నన్నూ ఇంకో ఇద్దర్నీ పంపారు.

పాఠం చెప్పినామె నాసిక్ నుంచి వచ్చింది. గ్లాసును తెల్లకాగితం ముందు వంచి రంగు చూడడం, తిప్పి వాసన పీల్చడం, గుక్కెడు నోట్లో పోసుకుని కాస్త గాలి కూడా లాగి నాలుక మీదంతా ఆడించడం, ఆ తర్వాత బకెట్లో ఉమ్మేయడం, అన్నీ ఓపిగ్గా నేర్పింది. ఒకే రకం తీగ నాసిక్‌లో నాటితే ఒక రుచి, నంది కొండల వాలులో నాటితే ఇంకో రుచి అని, ఏ నేల కాయో నాలుకకి తెలియాలని చెప్పింది. నాకు తెలిసేది కాదు. చిన్న చిన్న సీసాల్లో వాసనలు పోసిచ్చి పేర్లు రాయమన్నప్పుడు నేను సగానికి పైగా పక్కనున్న గోవా ఆయన కాగితంలోంచి చూసి రాశాను. మూడు రోజులూ వచ్చిన అందరికీ సర్టిఫికెట్ ఇచ్చారు. నేను దాన్ని మాత్రం ఫొటో తీసి, ఊరంతా చూసేలా పెట్టాను.

ఎదురు సీట్లో ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయన ఉన్నాడు. చిక్కపేటలో చీరలు దించి ఖాళీ సంచులతో ఇంటికి పోతున్నాడు. గౌరిబిదనూరు వచ్చేసరికి మాటలు కలిశాయి.

"యాడికప్పా?"

గోరంట్ల అన్నాను.

"ఏం పని చేస్తావు?"

హోటల్ సూపర్‌వైజర్ని అంటే సరిపోయేది. వైన్ రుచి చూసి మంచిచెడ్డలు చెప్తాను అన్నాను.

"తాగి చెప్తావా?"

"తాగను. నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను."

"ఉమ్మేదానికి జీతమిస్తారా!" అని పెట్టె అంతా వినపడేలా నవ్వాడాయన. "మా ఇంటి పక్కన ఒకడు పొద్దస్తమానం ఊరికే ఉమ్ముతాండాడు. పంపిస్తా, తీసుకోని పో."

చుట్టుపక్కలవాళ్ళు కూడా నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఇది అంత తేలిక విషయం కాదని, నేల గురించీ వాన గురించీ ఆ నాసిక్ ఆమె చెప్పినవన్నీ నావే అయినట్టు ఏకరువు పెట్టాను. ఆయన ఓపిగ్గా విని, "పట్టు గుడక అంతే అప్పా, చేత్తో ముట్టుకుంటే తెలిసిపోతాది. అయితే ముట్టుకునే ముందర నా చెయ్యి తడిగా ఉండాదేమో చూసుకుంటా. లేదంటే నా చేతి తడి పట్టుదనుకుంటా," అన్నాడు. నేను తలూపాను గాని ఆ మాట చెవికెక్కించుకోలేదు. ఇంకా ఏం చెప్పి ఈయన నోరు మూయించాలా అనే చూస్తున్నాను.

తొమ్మిది కావస్తుండగా హిందూపురంలో దిగాను. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటో ఉంటుంది. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు అప్పుడే దింపుతున్నారు. చిన్నప్పుడు ఆ బజ్జీల కోసం ఏడ్చినవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం కారం తింటే నాలుక పాడవుతుందని రెండు ఇడ్లీలు ఉత్తవే తెమ్మన్నాను.

వడ్డించేవాడు వింతగా చూశాడు. "చట్నీ వద్దా? జ్వరమా అన్నా?"

"రుచి చూసే పనుంది" అన్నాను. వాడికి అర్థం కాలేదు, పోయి మళ్ళీ చట్నీ గిన్నెతోనే వచ్చాడు.

తొమ్మిదీ నలభైకి గోరంట్ల బస్సు. గంటకు పైగా పట్టింది. మార్చి నెలకే చేలన్నీ ఎర్రగా, బోడిగా ఉన్నాయి. చెనిక్కాయ పీకేసిన చేలల్లో మేకలు ఏవో ఏరుకుంటున్నాయి. బోరు ఉన్నచోట పచ్చగా ఒక మడిచెక్క, దాని చుట్టూ మళ్ళీ రాళ్ళూ, బండలూ. అక్కడక్కడా రాతికూసాల మీద తీగలు లాగిన ద్రాక్షపందిళ్ళు కనిపిస్తాయి, కుడిపక్కన కూర్చుంటే బాగా చూడొచ్చు. గోరంట్లలో దిగి షేర్ ఆటో ఎక్కాను. ఆటోలో ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ గురించే మాట్లాడుకుంటున్నారు. ఊరి బోరు ఎండిపోయి నెలన్నర అయిందట, రెండు దినాలకొకసారి వచ్చే ట్యాంకరు నిన్న అసలు రాలేదట.

పదకొండున్నరకు చర్చి దగ్గర దిగాను. రేకుల కప్పు, ముందు చిన్న ఆవరణ. దేవదాసన్న, ఇంకో ముగ్గురు పెద్దలు, ఏడెనిమిదిమంది ఆడవాళ్ళు నాకోసం కాచుకుని ఉన్నారు. మూడేళ్ళ కింద తాగుడు మానేసిన ఓబులేసు కూడా గోడకానుకుని నిలబడి ఉన్నాడు. నాకు కుర్చీ వేశారు. చిన్నమ్మ చేతిలో ఇత్తడి గిన్నె, దానిమీద తెల్లగుడ్డ. మిషను దొరల కాలం నుంచీ ఉన్న గిన్నె అది, సంఘమంతా అందులోంచే తాగుతారు.

"వచ్చినావా నాయనా? ఏమన్నా తిన్నావా?" అంది చిన్నమ్మ.

"అవన్నీ తర్వాత చిన్నమ్మా" అన్నాను. పని మీద వచ్చిన ఆఫీసర్లు అలా మాట్లాడడం చూశాను.

గ్లాసు తెచ్చుకోలేదు. ఇందులోనే చూస్తానని గిన్నె అందుకున్నాను. ఇత్తడి గిన్నెలో రంగేం కనిపిస్తుంది, ఏమీ కనిపించదు. అయినా ఎండకు ఎత్తి పట్టుకుని చూశాను. తిప్పాను. ముక్కు లోపలికి దించి గట్టిగా పీల్చాను. ద్రాక్ష వాసనకు పైన, సన్నగా, పుల్లగా ఇంకేదో తగిలింది. దొరికింది అనుకున్నాను. మూడు రోజుల చదువులో ఒక్కసారి కూడా నా అంతట నేను ఏ వాసనా పట్టలేదు. ఇప్పుడు పట్టాను. ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం, అదీ పట్టరానంత సంతోషం. జరిగినవాటన్నిట్లోకీ నేను ఎక్కువ సిగ్గుపడేది దానికే.

గుక్కెడు నోట్లో పోసుకుని, గాలి లాగి, గురగురమనిపించాను. ఎవరో నవ్వు ఆపుకున్నారు. తర్వాత లేచి రెండడుగులు వేసి, చర్చి గోడ పక్కన నేల మీద ఉమ్మేశాను.

ఇంకా ప్రార్థన చేయని రసమే అది. అయినా పక్కనున్న ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మ వచ్చి, కింద కూర్చుని, చేత్తో మట్టి లాగి ఆ తడి మీద కప్పింది. తర్వాత లేచి చీరకు చెయ్యి తుడుచుకుంది.

అప్పుడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. "వొలటైల్ యాసిడిటీ ఉంది" అన్నాను.

"అంటే?" అన్నాడు దేవదాసన్న.

"పులిసింది. మత్తు దారి పట్టింది."

గోడకానుకున్న ఓబులేసు ముందుకొచ్చాడు. "అన్నా, అయితే పోయిన నెల నేను తాగింది గుడక మందేనా?"

తెలియదు అనాల్సింది. పోయిన నెల రసం నేను చూడనే లేదు. "కొంచెం ఉండే ఉంటుంది" అన్నాను. ఓబులేసు మొహం ఎలా అయిపోయిందో రాయడం నాకు చేతకాదు. తలకు చుట్టుకున్న టవలు తీసి చేతిలో పట్టుకుని బయటకు పోయాడు.

దేవదాసన్న చిన్నమ్మ వైపు తిరిగాడు. "రత్నక్కా, నువ్వేమంటావు?"

చిన్నమ్మ గిన్నె అందుకుని అందులోకి చూసింది. దాన్ని కొంచెం ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. నా వైపు చూసింది. "చదువుకునినోడు చెప్పె గదా. ఆ మాటే ఉండనీ" అంది.

పన్నెండున్నరకు చిన్నమ్మ ఇంట్లో భోజనం. వేడివేడి సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, ఎర్రగడ్డ ముక్క. నాకు ఇష్టమని పొద్దున్నే నూరి పెట్టిందట. రసం గురించి ఆమె ఎత్తలేదు. నేనే ఏదో ఒకటి మాట్లాడాలని, "ఎప్పుడు కాచినావు చిన్నమ్మా?" అని అడిగాను.

"నిన్న మధ్యాన్నం. ఉడకబెట్టి, తెల్లగుడ్డలో పిండి, మళ్ళా పొయ్యి మీద పెట్టి సలసలా కాస్తి. వేడి మీదనే సీసాల్లో మూతిదాకా పోస్తి. ఎప్పుడూ చేసేదే గదా."

అలా కాచి పోసిన రసం ఒక్క రాత్రికి పులియదు. తోటలో రెండో రోజే చెప్పారు, నా పుస్తకంలో రాసుకున్నాను కూడా. నోరు తెరిచి తీర్పు చెప్పే ముందు ఎప్పుడు కాచారని అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

నాలుగు గంటలకు ఎండ తగ్గాక తాను కూలికి పోయే తోట చూపిస్తానని తీసుకుపోయింది. ఊరి బయట అర కిలోమీటరు. ద్రాక్ష చూడాలని ఈ వైపు వచ్చేవాళ్ళు ఎవరైనా సాయంత్రమే పోవడం మేలు, తోటవాళ్ళను అడిగితే లోపలికి రానిస్తారు. పందిరి కింద చల్లగా ఉంది. నల్లకాయ సగం కోసేశారు. చిన్నమ్మ ఒక గుత్తిలోంచి ఒక కాయ, ఇంకో వరసలోంచి ఇంకో కాయ తుంచి నా చేతిలో పెట్టింది.

"తిని చూడు. ఏది యాడిదో చెప్పు."

తిన్నాను. రెండూ తియ్యగానే ఉన్నాయి. తెలియలేదని ఒప్పుకోవడానికి కూడా మొహమాటపడి, "రెండూ బాగున్నాయి" అన్నాను.

ఆమె నవ్వింది. అందులో ఎగతాళి లేదు. "ఈ లావుది బోరు పక్కది. నీళ్ళు బాగా తాగింది, నోట్లో చప్పున పోతాది. ఈ చిన్నది ఆ గుట్ట కింద రాళ్ళల్లోది. నీళ్ళందక అల్లాడి కాసింది, తోలు మందం, తీపి నాలిక మీద నిలబడతాది. అదో ఆ మూల వరస చూడు, ఆడ చవుడు. ఆ కాయలో లోపల్లోపల ఉప్పు తగుల్తాది. బల్లకు నేను గుట్ట కిందివే ఏరుకుంటా. తోలు చిట్లింది ఒక్కటి గుడక ఎయ్యను."

నాసిక్ ఆమె ఫ్రాన్సు పటం గోడకు తగిలించి చెప్పింది ఇదే. ఒక్క తోటలో, మూడు వరసల్లో, తీగల కత్తిరింపు కూలికి పోయే మా చిన్నమ్మకు తెలుసు. చూసి రాసుకోవడానికి పక్కనెవరూ లేరు ఆమెకు. ఆ నాలుక ఎదురుగా నిలబడి నేను పొద్దున వొలటైల్ యాసిడిటీ అన్నాను. అక్కడే ఆ పందిరి కింద భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

ఇంటికొచ్చాక, పొద్దున మూత తీసిన సీసాలో మిగిలిన రసం స్టీలు గ్లాసులో పోసి ఇచ్చింది. "పొద్దున సరిగా తాగకపోతివి" అంది. తాగాను. శుభ్రంగా ఉంది. తీపి, ఆ వెనక తోలు వగరు, అంతే. ఎక్కడా పులుపు లేదు. ఒకటికి రెండుసార్లు వాసన చూశాను. అప్పుడు గూట్లో గుడ్డ చుట్టి పెట్టిన ఇత్తడి గిన్నె వైపు చూశాను. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఖాళీ గిన్నె. పుల్లటి వాసన అందులోనే ఉంది.

"చింతపండుతో తోమినావా చిన్నమ్మా?"

"ఇత్తడిని ఇంకేంతో తోముతారు?"

"కడిగింది?"

"ట్యాంకరు రాలే గదా. ఒక చెంబు నీళ్ళతో కడిగితి." గిన్నె నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ గుడ్డ చుట్టింది. "ఎప్పుడూ రెండు మూడు చెంబులు పోసి కడిగేదాన్ని" అని, రాత్రికి ఏం వండమంటావని అడిగింది.

వైన్ చదువులో మొదటి రోజు మొదటి పాఠం, ఏదైనా పోయించుకునే ముందు ఖాళీ గ్లాసు వాసన చూడమని. కడిగిన సబ్బు వాసననో, తుడిచిన గుడ్డ వాసననో వైన్‌కు అంటగట్టకూడదని. నేను చింతపండు వాసన పట్టి, ముప్పై ఏళ్ళ పనిని పులిసిపోయిందన్నాను. పోయిన నెల వాళ్ళకు వచ్చిన వాసన కూడా ఇదే అయి ఉండాలి, బోరు ఎండింది అప్పుడే.

దేవదాసన్న ఇల్లు నాలుగిళ్ళ అవతల. చెప్పులు వేసుకుంటే రెండు నిమిషాలు. పోయి, తప్పు నాదని చెప్పి రావచ్చు. నేను తలనొప్పిగా ఉందని చెప్పి మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాను. తలనొప్పేమీ లేదు. అంతమంది ముందు అంత ధీమాగా చెప్పినవాణ్ణి మళ్ళీ వాళ్ళ మొహాలు ఎలా చూడాలా అన్నదొక్కటే ఉంది.

ఆదివారం పదింటికి ఆరాధన. మగవాళ్ళ వైపు ముందు వరసలో నన్ను కూర్చోబెట్టారు. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ కింద ఎత్తుగా ఏవో. ఓబులేసు రాలేదు. పాటలయ్యాక, బల్లకు ముందు సాక్ష్యాల సమయం. అంటే ఎవరైనా లేచి తమ మనసులోది సంఘం ముందు చెప్పుకోవచ్చు. ఒకామె కూతురి జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయన అన్నదమ్ముడితో గొడవ పెట్టుకున్నందుకు క్షమించమన్నాడు. ఇంతకంటే తేలిగ్గా నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? లేవడం, రెండు మాటలు, కూర్చోవడం. మోకాళ్ళ మీద చేతులు కూడా ఆనించాను.

"ఇంకెవరైనా ఉండారా?" అన్నాడు దేవదాసన్న.

కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు. మూడోసారి కూడా అన్నాడు. లేస్తాను, ఇప్పుడు లేస్తాను అనుకుంటూనే ఉన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి చిన్నమ్మ తల వంచుకుని ఉండడం కనిపిస్తోంది. నేను లేవలేదు. దేవదాసన్న గుడ్డ తీసి, కొన్న సీసా మూత తిప్పి, రసాన్ని గిన్నెలో పోశాడు. నా వంతు వచ్చినప్పుడు తాగాను. పెళ్ళిళ్ళలో పోసే రంగునీళ్ళ షరబత్తు రుచి. నాకు రుచి తెలిసిన కొద్దిసార్లలో అదొకటి. చిన్నమ్మ తన వంతుకు తాగి, కొంగుతో పెదాలు తుడుచుకుని, ప్రార్థన చేసుకుంది.

ఒంటిగంటకు భోజనం. చిన్నమ్మ రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కించింది. "పనిలో బాగుండు నాయనా" అంది. గోరంట్లలో రెండు గంటల బస్సు దొరికింది, హిందూపురం మూడుంపావు. బెంగళూరు రైలుకు ఇంకా గంట ఉంది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని, టీ తాగి, ఇక ఆపుకోలేక దేవదాసన్నకు ఫోన్ చేశాను. ముఖాముఖి కాదు కదా, ధైర్యం వచ్చింది.

"అన్నా, రసం పులియలేదు. ఆ వాసన గిన్నెది. చింతపండుది. తప్పు నాది" అన్నాను.

"తెలుసప్పా" అన్నాడాయన.

"ఎలా అన్నా?"

"నిన్న సాయంత్రం రత్నక్క మా ఇంటికొచ్చె. నువ్వు పండుకోనుంటివంట. గిన్నె నా చేతికిచ్చి వాసన చూడమనె. చూస్తి. నాకూ తెలిసిపోయె."

"మరి సీసాలెందుకు తెప్పించారన్నా?"

"ఆమే తెప్పించమనె. పిల్లోడు నలుగుర్లో ఒక మాట చెప్పినాడు, వాని మాట అబద్ధం చెయ్యొద్దు, నాకు గుడక వయసాయె, ఇంక చాలు అనె. నీకు చెప్పనని నా దగ్గర మాట తీసుకునె. నీ అంతట నువ్వే చెప్తివి కాబట్టి చెప్తాండా. పొద్దున సాక్ష్యాలప్పుడు మూడుసార్లు అడిగితి, చూసినావా? నీకోసమే అడిగితి. ఆమె కాచిన రసం గుడక గుడ్డ కింద పెట్టుకోనుంటిమి. సీసా మూత తియ్యలే అప్పటిదాకా. నువ్వు లేస్తే అదే పోద్దామని."

ప్లాట్‌ఫారం మీద ఏదో అనౌన్స్‌మెంట్ వస్తోంది. అది అయిపోయాక ఓబులేసు సంగతి అడిగాను.

"రాత్రే పోయి చెప్తి. నమ్మలే. చదువుకునినోడు చెప్పినాక నా మాట యాడ నమ్ముతాడు? నువ్వే చెప్పల్ల. ఫోన్లో కాదప్పా. అందరి ముందర అంటివి, అందరి ముందరే వచ్చి చెప్పు."

నాలుగుంపావుకి రైలు వచ్చింది. ఎక్కి, తలుపు పక్కన నిలబడ్డాను. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. ఆ దారిన పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పోండి, కాయ ఉంటుంది. బజ్జీలు వద్దనకండి. తోటల్లో పనిచేసే ఆడవాళ్ళను ఏ వరస కాయ ఎలా ఉంటుందో అడగండి, అడిగేవాళ్ళు లేక చెప్పరు గాని వాళ్ళకు తెలుసు. నేను మూడు రోజులు చదువుకుని, ఒక రాత్రి ఉండి, ఒక మనిషి పని తీసేసి, ఇంకో మనిషి నిద్ర తీసేసి వచ్చాను. నన్ను పెంచిన మనిషి తన పరువు తీసి నా పరువు మీద కప్పింది.

సోమవారం పొద్దున మేనేజరును వచ్చే నెల మొదటి ఆదివారానికి సెలవు అడిగాను. ఇచ్చాడు. ఆ రోజు సాక్ష్యాల సమయంలో లేచి నిలబడతానని ఇక్కడ రాసేయాలని ఉంది. కాని మొన్న ఆదివారం కూడా, లేస్తాననుకుంటూనే నేను కూర్చుని ఉన్నాను.